ఒంటి డిస్కు నుంచి జంట డిస్కులకు: రెయిడ్-1తో నా అనుభవం

విజయవాడలోని మా డీటీపీ కార్యాలయంలో పాత శుభలేఖలు, పుస్తకాల పేజీలు, ఖాతాదారుల లోగోలు అన్నీ 2019 దాకా ఒకే 1 టీబీ హార్డ్ డిస్కు మీద ఉండేవి. డెబియన్ 10 (లినక్స్ రకాల్లో ఒకటి) నడుస్తున్న ఆ కంప్యూటర్‌ను, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండానే, లినక్స్‌లో ఉచితంగా దొరికే ఎమ్‌డీఏడీఎమ్ అనే ప్రోగ్రామ్ సాయంతో ఆ ఏడాది చివర్లో రెయిడ్-1కు, అంటే ఒకే డేటాను రెండు డిస్కుల మీదా ఒకేసారి రాసే పద్ధతికి, మార్చాను. తర్వాత డెబియన్ 11, 12 కూడా ఆ జంట మీదికే ఎక్కాయి.

నాకు బాగా నచ్చినది మార్పు జరిగే తీరు. కొత్త డిస్కు ఒక్కదానితోనే మిర్రర్ (ఆ జంట అమరిక) మొదలుపెట్టి, రెండో డిస్కు పేరు రాయవలసిన చోట 'మిస్సింగ్' అని రాస్తే ఎమ్‌డీఏడీఎమ్ అభ్యంతరం చెప్పదు. పాత డిస్కులోని ఫైళ్లన్నీ ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో దాని మీదికి చేర్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు భాగం ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే ఫైలు) కొత్త యూయూఐడీలు (ఆ భాగాల గుర్తింపు సంఖ్యలు) రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో వాడుకునే చిన్న వ్యవస్థ) తిరిగి తయారుచేసి, గ్రబ్ (కంప్యూటర్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఎక్కించి, కంప్యూటర్ అక్కడి నుంచే బూట్ అయిందని రూఢి చేసుకున్న తర్వాతే పాత డిస్కును జంటలో కలపాలి. కలిపిన క్షణం నుంచి దాని మీదున్న పాత డేటా చెరిగిపోతుంది. ఆ కమాండ్ కొట్టడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. సింక్ (రెండు డిస్కులూ ఒకేలా అయ్యే కాపీ) పూర్తవడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది, అంతసేపూ మా పని ఆగలేదు.

పొరపాటు మరోచోట జరిగింది. పరీక్ష కోసం కొత్త డిస్కు కేబుల్ ఊడదీసి ఆన్ చేస్తే, నల్లటి తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అన్న వరుస ఒక్కటే మిగిలింది. పాత డిస్కులో డేటా భద్రంగానే ఉంది, కానీ గ్రబ్‌ను దాని మీద మళ్లీ ఎక్కించడం మరిచాను.

అంతకంటే పెద్ద పాఠం 2022లో ఎదురైంది. ఒక డిస్కు జంట నుంచి తప్పుకుంది, అయినా పని యథావిధిగా సాగడంతో దాదాపు మూడు నెలలు ఎవరమూ గమనించలేదు. ఎమ్‌డీస్టాట్ (జంట స్థితిని చూపేది) ఫైలు తెరిస్తే, పనిచేసే డిస్కుకు ఒకటి చొప్పున రెండు 'యు'లు ఉండవలసిన చోట ఒక 'యు', దాని పక్కన ఒక అడ్డగీత కనిపించాయి. హెచ్చరికలు రాకపోలేదు, ఎవరూ తెరవని రూట్ (కంప్యూటర్ నిర్వాహక ఖాతా) మెయిల్ పెట్టెలో రోజుకొకటి చొప్పున పేరుకుపోయాయి. బదులు కొన్న డిస్కు కూడా 1 టీబీయే అయినా తయారీ వేరు, అసలు పరిమాణం ఒక పిసరు తక్కువ. మొదట్లోనే పార్టిషన్ (డిస్కులో కేటాయించిన భాగం) చివర కొంత జాగా వదిలి ఉండబట్టి సరిపోయింది.

వేగం విషయంలో పెద్దగా ఆశించవద్దు. ఒక పెద్ద ఫైలు తెరవడానికి మునుపటంత సమయమే పడుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఫైళ్లు లాగినప్పుడు మాత్రం కొంత తేడా తెలుస్తుంది.

దీన్ని బ్యాకప్ అనుకునేవారికి మా కుర్రవాడి సంగతి చెప్పాలి. ఒక మధ్యాహ్నం అతను పాత శుభలేఖల ఫోల్డర్‌ను పొరపాటున తీసేస్తే, అది రెండు డిస్కుల నుంచీ ఒకేసారి మాయమైంది. ముందు వారం బయటి డిస్కులోకి తీసిన ప్రతి ఉండబట్టి, నాలుగు రోజుల పని మాత్రమే పోయింది. ఇప్పుడు ఆ ప్రతిని రోజూ రాత్రి తీస్తున్నాము, హెచ్చరిక మెయిళ్లు నా ఫోన్‌కే వస్తున్నాయి, నెలకోసారి ఒక పరీక్ష మెయిల్ పంపి అది చేరిందో లేదో చూసుకుంటున్నాను.