వృక్షశాస్త్రవేత్తకు ఏది మేలు: యూనివర్సిటీయా, పరిశోధన సంస్థా?

బోటనీలో పీహెచ్‌డీ పూర్తయ్యాక చాలామందికి పట్టుకునే టెన్షన్ ఇది. పాఠాలు చెబుతూ పరిశోధన చేసుకోవాలా, పాఠాల జోలి లేకుండా మొక్కలతోనే ఉండిపోవాలా? రెండింటికీ మన దేశంలోనే గొప్ప ఉదాహరణలున్నాయి.

జానకి అమ్మాళ్ కొంతకాలం కాలేజీల్లో పాఠాలు చెప్పినా, పేరు తెచ్చుకున్నది సంస్థల్లోనే. కోయంబత్తూరులో చెరకు మీద, ఇంగ్లండ్‌లోని విస్లీ తోటలో మాగ్నోలియాల మీద పనిచేశారు. ఆమెది కణశాస్త్రం, అంటే మొక్కల కణాల లోపలి సంగతులు చూసే చదువు. వేరు కొసను తుంచి, రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి బొటనవేలితో మెల్లగా అదమాలి. కణంలో వారసత్వ గుణాలను మోసే పోగులైన క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటేనే వాటి లెక్క తేలుతుంది, లేదంటే మళ్లీ మొదటికే. 1945లో బ్రిటిష్ శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి ఆమె తెచ్చిన సాగు మొక్కల క్రోమోజోమ్ అట్లాస్ ఇలాంటి లెక్కలను ఒకచోట చేర్చింది. గంట మోగగానే క్లాసుకు వెళ్లాల్సిన మనిషికి ఈ పని సాగడం కష్టం. సంస్థ ఇచ్చే అసలు వరం ఆ తీరికే.

పంచానన్ మహేశ్వరి దారి వేరు. ఢాకాలో, 1949 తర్వాత ఢిల్లీ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే మొక్కల పిండశాస్త్రంలో (గింజలోని పిండం ఎలా ఏర్పడుతుందో చూసే చదువులో) ఒక శిష్యబృందాన్ని నిలబెట్టారు. 1962లో కుసుమ్ కాంత, రంగస్వామిలతో కలిసి గసగసాల మొక్క అండాలను పరీక్షనాళికలోనే ఫలదీకరణ చేయించారు. 1964లో ఢిల్లీ యూనివర్సిటీలోని అదే వృక్షశాస్త్ర శాఖలో శిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పువ్వులో పుప్పొడి ఉండే పరాగకోశాలను పోషక ద్రవ్యంలో పెంచితే, పుప్పొడి రేణువుల నుంచే పిండాలు పుట్టాయి! తల్లిమొక్కలో సగం క్రోమోజోములే ఉన్న మొక్కలవి. కొత్త వంగడాల గుణాలు తరం మారినా మారకుండా త్వరగా స్థిరపరచడానికి ఈ పద్ధతి ఈనాటికీ పనికొస్తోంది.

అందుకే నా ఓటు యూనివర్సిటీకే. ఏటా కొత్త పిల్లలు వస్తారు, మనకు తట్టని ప్రశ్న వాళ్లు అడుగుతారు, మన తర్వాతా పని ఆగదు. జానకి అమ్మాళ్ కూడా చివరి ఏళ్లలో మద్రాసు యూనివర్సిటీ కేంద్రంలోనే పనిచేశారు. అయితే ఏళ్ల తరబడి ఒకే మొక్కల కుటుంబాన్ని పట్టుకుని కూర్చోవాలనుకునేవాళ్లకు సంస్థే నయం. యూనివర్సిటీలో చేరేవాళ్లు మాత్రం వారానికి ఎన్ని క్లాసులో, ప్రాక్టికల్స్‌కు సహాయకులు ఉంటారో లేదో ముందే కనుక్కోండి. జీతం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.