హెచ్‌డబ్ల్యూఇన్ఫో: నాలుగేళ్ల వాడకం, ఒక 127 డిగ్రీల కథ

కంప్యూటర్‌లోని భాగాల వేడి, ఫ్యాన్ల వేగం లాంటివి చూపించే సాఫ్ట్‌వేర్ హెచ్‌డబ్ల్యూఇన్ఫో. మా ఇంటి డెస్క్‌టాప్‌లో దాన్ని పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, మామూలు ఎయిర్ కూలర్. ఊరు విజయవాడ, గదిలో ఏసీ లేదు.

మొదటి రోజే గుండె ఆగినంత పనైంది. సెన్సర్ల జాబితాలో ‘ఆక్స్‌టిన్’ అనే వరుసలో 127 డిగ్రీలు! రిపేరు షాపులో అడిగితే బోర్డు మార్చేయమన్నారు. మనసొప్పలేదు. ఇంటికొచ్చి గంటసేపు వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేసే బరువైన పని) పెట్టి, తెర ముందే కూర్చున్నాను. సీపీయూ, అంటే ప్రాసెసర్, 45 నుంచి 74కి ఎక్కింది, రెండర్ అవగానే దిగింది. ఆ 127 మాత్రం అంగుళం కదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఆన్ చేసిన నిమిషానికీ అదే 127. రాత్రంతా ఆపి ఉంచిన బోర్డులో నీళ్లు మరిగేంత వేడి ఎక్కణ్నుంచి వస్తుంది?

తర్వాత చదివితే సంగతి తెలిసింది. బోర్డు మీద ఫ్యాన్లనూ వేడినీ గమనించే చిప్‌కి సెన్సర్ ఇన్‌పుట్లు చాలా ఉంటాయి. అన్నిటికీ సెన్సర్ తగిలించరు. ఖాళీగా వదిలేసినది ఏదో ఒక అంకె చూపిస్తుంది. చిప్ వేడి అంకెను 8 బిట్లలో (ఎనిమిది 0, 1లతో) రాసుకుంటే, ప్లస్, మైనస్ రెండూ అందులో ఇమడాలంటే పైన 127, కింద మైనస్ 128 దాకానే వీలు. ఖాళీ ఇన్‌పుట్ల దగ్గర తరచూ ఇవే కనబడేది అందుకే.

దీనికి తిరగబడ్డ కేసు మా తమ్ముడి పాత ఇంటెల్ కోర్ 2 డుయోలో చూశాను. మే నెలలో గది 38 ఉంటే ఒక కోర్ 27 అంటోంది. ఫ్యాన్ గాలితో గది కన్నా చల్లబడటం జరిగే పని కాదు. ఆ సెన్సర్ గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరం ఉందో కొలుస్తుంది. పరిమితి దగ్గరపడే కొద్దీ దాన్ని నమ్మొచ్చు, చల్లగా ఉన్నప్పుడు తడబడుతుంది. ఇక రైజెన్‌లో బ్రౌజర్ తెరవగానే 10 డిగ్రీలు ఎగిరి దిగడం మామూలే, టెన్షన్ అక్కర్లేదు.

అసలు మేలు పోయిన వేసవిలో జరిగింది. రెండర్ నత్తనడక నడుస్తుంటే చూశాను: గరిష్ఠం నిలువు వరుసలో సీపీయూ 95, థర్మల్ థ్రాట్లింగ్ (వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకోవడం) దగ్గర ‘ఎస్’, అంటే అవును. 95 అంటే ఈ ప్రాసెసర్ హద్దు. ఇది 127లా బిగుసుకుని కూర్చున్న అంకె కాదు, పనితో పాటే ఎక్కుతూ వచ్చింది. కూలర్ విప్పితే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంది. దుమ్ము దులిపి కొత్త పేస్ట్ రాశాక అదే వీడియోకి 79 దాటలేదు.

లోటు ఒకటే, కానీ పెద్దది. వందల వరుసలు గుమ్మరించి, ఏది అసలో ఏది ఉత్తుత్తిదో చెప్పదు. కొత్తవాళ్లు హడలిపోతారు. ప్రధానంగా విండోస్ కోసం చేసినది. సొంత వాడకానికి ఉచితమే. రైట్ క్లిక్ చేసి పనికిరాని వరుసల్ని దాచేయొచ్చు, పేర్లు మార్చుకోవచ్చు. నేను సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, థ్రాట్లింగ్ ఉంచి మిగతావి దాచేశాను. ఆ 127 వరుసకు ‘ఖాళీ’ అని పేరు పెట్టాకే దాచాను.