హామ్ రేడియోకి పెరట్లో టవరా, డాబా మీద పైపా?

అభిరుచి కోసం ఇంటి నుంచే వైర్‌లెస్ సెట్టులో దూరాలతో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. దాని లైసెన్సు చేతికి రాగానే చాలామంది మనసు టవర్ మీదకు పోతుంది. కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే ఆ లైసెన్సు తరంగాల వరకే. ఇంటి దగ్గర ఎత్తుగా ఏది నిలబెట్టాలన్నా పంచాయతీనో మున్సిపాలిటీనో ఒప్పుకోవాలి. అది ఎంత తేలిగ్గా వస్తుందన్నది మీరు ఏది నిలబెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

60 అడుగుల టవర్ లాభం చిన్నది కాదు. 7 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద యాంటెన్నా తీగ ఆ ఎత్తున ఉంటే సిగ్నల్ తక్కువ కోణంలో బయల్దేరి విదేశాలు అందుకుంటుంది. కానీ మన శ్రీకాకుళం వైపు తీరానికి ఇంజినీర్లు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. కాబట్టి పునాది డ్రాయింగు, స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్ లేకుండా అనుమతి అడగడమే తప్పు. టవర్ పడినా మన స్థలంలోనే పడాలి. టెక్కలి వైపు పల్లెలో పెద్ద పెరడుంటే సరే, శ్రీకాకుళం టౌన్లో 200 గజాల సైటులో అది కుదిరే పని కాదు. పైగా చూసినవాళ్లు సెల్ టవర్ అనుకుంటారు, ఆ భయం అర్జీగా మారి ఆఫీసుకు చేరుతుంది. భోగాపురం చుట్టుపక్కల అయితే ఎయిర్‌పోర్టు ఎత్తు పరిమితి కూడా ముందే చూసుకోవాలి.

రెండంతస్తుల డాబా మీద 20 అడుగుల జీఐ పైపు, మూడు వైపులా దాన్ని లాగి పట్టే స్టే వైర్లు, పైనుంచి రెండు పక్కలకీ వాలుగా దిగే పదేసి మీటర్ల యాంటెన్నా తీగ. నా ఓటు దీనికే. ఈ ఎత్తులో సిగ్నల్ చాలావరకు నిట్టనిలువుగా పైకి వెళ్లి, పై వాతావరణ పొర నుంచి వెనక్కి మళ్లి, పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల లోపల దిగుతుంది. విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్ అన్నీ ఆ పరిధిలోవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక పలాస, సోంపేట వైపు కరెంటూ ఫోన్లూ లేని రోజుల్లో కావలసింది ఆ దూరమే, అమెరికా కాదు. అడుగున మడతబందు పెడితే తుఫాను హెచ్చరిక రాగానే పైపును పడుకోబెట్టేయొచ్చు. టవర్‌కి ఆ వీలు మామూలుగా ఉండదు.

కొబ్బరిచెట్టుకి తీగ కడితే ఎవరినీ అడగక్కర్లేదు గానీ, తిత్లీకి ఉద్దానంలో కూలిన తోటలు చూశాక దాన్ని నమ్ముకోమని చెప్పలేను.

పైపుకైనా మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. అర్జీకి లైసెన్సు కాపీ, ఎత్తూ స్టే వైర్ల కొలతలతో చిన్న స్కెచ్ జతచేయండి. అద్దె ఇల్లయితే యజమాని సంతకం, అపార్టుమెంటయితే అసోసియేషన్ ఒప్పుకోలు కూడా ఉండాలి. పైపు ఎటు పడినా కరెంటు తీగలకు తగలదని స్కెచ్‌లో చూపించండి. అర్జీ ఇచ్చే ముందే పక్కింటివాళ్లను పిలిచి, సెట్ ఆన్ చేసి వినిపించండి.