రియో ఆకుతో పరీక్షించిన స్టూడెంట్ మైక్రోస్కోపు: ఆరు నెలల అనుభవం

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆకు మీద ఉండే సన్నటి రంధ్రాలను, అంటే పత్రరంధ్రాలను, బొమ్మలో కాకుండా పిల్లలు తమ కళ్లతో చూడాలని, గత జూన్‌లో సొంత డబ్బు 4,200 పెట్టి ఈ మైక్రోస్కోపు కొన్నాను. సైన్సు పరికరాలకు పేరున్న అంబాలాలో తయారైంది. కన్ను ఆనించే ఐపీస్ 10 రెట్లు, కింద 10, 45 రెట్ల లెన్సులు, వెలుతురుకు అద్దం. కరెంటు అక్కర్లేదు. మా బడికి ఇదే పెద్ద మేలు.

మొదటి పరీక్ష రియో ఆకుతోనే పెట్టాను. పైన పచ్చగా, కింద వంకాయ రంగులో ఉండే ఈ మొక్క మా వరండా కుండీల్లో ఉంది. ఆకును అడ్డంగా విరిచి మెల్లగా లాగితే అడుగు వైపు నుంచి పల్చటి ఊదా పొర వస్తుంది. వెంటనే నీటి చుక్కలో వేయాలి, ఆరితే ముడుచుకుపోతుంది. పైన కప్పే పల్చటి గాజు ముక్కను, అంటే కవర్ స్లిప్‌ను, ఒక అంచు ఆనించి, సూదితో నెమ్మదిగా వాల్చాలి. ఒకేసారి పడేస్తే గాలి బుడగలు చేరతాయి. నల్లటి అంచుతో గుండ్రంగా కనిపించే ఆ బుడగలనే పిల్లలు పత్రరంధ్రాలు అనుకుంటారు.

10 లెన్సులో ఊదా కణాల మధ్య పచ్చటి చుక్కలు కనబడ్డాయి. 45కి మార్చగానే ఒక్కో చుక్క రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు విడిపోయింది. అవే పత్రరంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణాలు. వాటిలోని హరితరేణువులు, చుట్టూ నాలుగు సహాయక కణాలు స్పష్టంగా తెలిశాయి. అంచుల్లో కాస్త మసక ఉన్నా, మధ్యలో బొమ్మ చాలా బాగుంది. రియోకు సహజంగానే రంగు ఉంది కాబట్టి కణాలకు రంగు పట్టించే సాఫ్రనిన్ కూడా అక్కర్లేదు.

లోపం ఒకటి ఉంది, గట్టిగానే చెప్పాలి. ఫోకస్ కోసం గొట్టాన్ని పైకీ కిందికీ కదిపే పెద్ద స్క్రూ వదులుగా వచ్చింది. ఫోకస్ చేసి చేయి తీసేలోపే గొట్టం దానంతటదే దిగి, మొదటి వారంలో మూడు కవర్ స్లిప్పులు పగిలాయి. అమ్మిన దుకాణంలో ఫోన్ చేస్తే "అలవాటవుతుంది మేడం" అన్నారు. అలా అనడం తప్పు, పిల్లల చేతికిచ్చే వస్తువు అది. చివరికి రెండు వైపుల స్క్రూలనూ పట్టుకుని ఎదురు దిశల్లో తిప్పితే బిగిసింది. మీరు కొనేటప్పుడు గొట్టం పైకెత్తి, రెండు నిమిషాలు వదిలేసి చూడండి.

మామిడి, గరిక లాంటి వాటికి పొర రాదు. రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక టేపుతో లాగి స్లైడు మీద అంటించాను. గరికలో రక్షక కణాలు డంబెల్ ఆకారంలో ఉంటాయని పాఠంలో చెప్పడమే కానీ, నేనూ అప్పుడే చూశాను.

ఆగస్టులో ఒక తొమ్మిదో తరగతి పాప చెరువు నుంచి కలువ ఆకు తెచ్చింది. అడుగు వైపు తుడిచి పాలిష్ అచ్చు తీసింది. ఎంత వెతికినా రంధ్రం లేదు. "మేడం, మైక్రోస్కోపు పాడైందా?" అని భయంగా అడిగింది. "నీళ్లకు తగిలే వైపు ఏది?" అన్నాను. కాసేపు ఆలోచించి, మాట్లాడకుండా ఆకు తిప్పి పైవైపు పాలిష్ పూసింది.