కూకట్‌పల్లిలో ఫ్లాటుకు విలువ కట్టించాం, 6,000 ఫీజుకు తగిన పనే చేశారు

అమ్మ పేరు మీదున్న ఫ్లాటు నేనుంచుకుని అక్కకు సగం డబ్బు ఇవ్వాలని ఇంట్లో అనుకున్నాం. అసలు చిక్కు ఎంతలో సగం అన్నది. ఏజెంటు 85 లక్షలన్నాడు, పై అంతస్తు ఆయనైతే కోటికి తక్కువ ఒప్పుకోవద్దన్నారు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూస్తే ప్రభుత్వ విలువ ఇంకా చాలా తక్కువ. అక్కకు అన్యాయం జరగకూడదు, నేనూ అప్పుల్లో పడకూడదు, ఆ టెన్షన్‌తోనే రిజిస్టర్డ్ వాల్యుయర్ ఒకరిని పిలిచాం.

ఆయన వచ్చీ రాగానే ఇల్లు చూస్తారనుకున్నా. ముందు డాక్యుమెంట్ అడిగారు. మూడో పేజీలో భూమి వాటా 45 గజాలు అని ఉన్న చోట వేలు పెట్టి, "అమ్మా, మీ ఫ్లాటు విలువలో ఎక్కువ భాగం ఇదే" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ కాగితం మా బీరువాలోనే ఉంది, ఆ లైను మేమెవరమూ చదవలేదు! తర్వాత లేజర్‌తో గదులన్నీ కొలిచారు. డాక్యుమెంట్‌లో 1,250 అడుగులు, లోపల కాలు పెట్టి తిరిగే చోటు 960. బాత్రూమ్ వెనక గోడ మీద వేళ్లతో కొడితే డొల్ల శబ్దం వచ్చింది, లోపల నీరు దిగుతోందని రాసుకున్నారు. కిందికి వెళ్లి వీధి వెడల్పు కూడా టేపు పెట్టి కొలిచారు, రేపు పాతది పడగొట్టి కట్టుకుంటే ఎన్ని అంతస్తులకు పర్మిషన్ వస్తుందో తేలేది దాన్ని బట్టేనట.

లెక్క ఇలా వచ్చింది: మా వీధిలో ఈమధ్య జరిగిన అమ్మకాలు చూసి గజం 1,10,000 వేశారు, అంటే భూమికి 49.5 లక్షలు. ఆర్‌సీసీ కట్టడానికి 60 ఏళ్ల ఆయుష్షు అనుకుంటే మాది 20 ఏళ్లు వాడేసిన ఇల్లు, మూడో వంతు తరుగు తీసేస్తే కట్టడానికి మిగిలింది 16.5 లక్షలు. మొత్తం 66. రెండేళ్ల కిందట 4 లక్షలు పోసి చేయించిన ఉడ్‌వర్క్‌కు దాదాపు ఏమీ రాలేదు, నాకు చాలా బాధేసింది. కొనేవాడు తన ఇష్టానికి మళ్లీ చేయించుకుంటాడండీ అన్నారు, నిజమే కదా. 2017లో మియాపూర్–అమీర్‌పేట మెట్రో వచ్చాక పెరిగిన ధర ఆ గజం రేటులోనే కలిసి ఉంది కాబట్టి దాన్ని విడిగా కలపలేదు.

నచ్చనివి రెండు. రిపోర్టు చెప్పిన రోజు కంటే నాలుగు రోజులు ఆలస్యం. పైగా 11 పేజీలూ ఇంగ్లీషే, అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అడిగితే మాత్రం విసుక్కోకుండా వచ్చి అరగంట కూర్చుని తెలుగులో వివరించారు. అక్క అన్నీ విని, ఎదురు ప్రశ్నలు వేసి, 33 లక్షలకు సరేనంది.

పిలిచే ముందు లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), ప్లాన్ కాపీ, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి. మాకు ప్లాన్ దొరక్కే రెండు రోజులు పోయాయి.