షెంజెన్: చేయి చాస్తే ఎదురింటి కిటికీ

హాంకాంగ్‌లోని వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో రైలు కదిలిన 14 నిమిషాలకు, సరిహద్దు అవతల చైనా నగరం షెంజెన్‌లోని ఫుటియన్ స్టేషన్‌లో దిగాం. దారంతా దాదాపు సొరంగమే. హాంకాంగ్ తనిఖీ, చైనా తనిఖీ రెండూ వెస్ట్ కౌలూన్‌లోనే అయిపోతాయి కాబట్టి దిగాక ఆగే పని లేదు. మనవాళ్లు మరవకూడనివి రెండు: హాంకాంగ్‌లో అడుగుపెట్టడానికి భారతీయులు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, చైనా వీసా ఇంటి దగ్గరే తీసుకోవాలి.

మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వాడు విడిభాగాల కోసం వచ్చాడు. విశాఖలో ఇరవై ఏళ్లు రోడ్లు, కాలువల పనులు చూసిన ఇంజనీరుని నేను, ఊరు చూడటానికి వచ్చాను.

మొదటి రాత్రే ఇబ్బంది ఎదురైంది. లోహు సరిహద్దు దగ్గర చవకగా దొరికిందని తీసుకున్న చిన్న హోటల్లో, రాత్రి పది గంటలకు కౌంటర్‌లోని అమ్మాయి మా పాస్‌పోర్టులు తిరిగి చేతిలో పెట్టింది. బస చేసే విదేశీయుల వివరాలను హోటలు పోలీసులకు పంపాలి. అదెలా చేయాలో ఆమెకు తెలియదు. విదేశీయులను వెనక్కి పంపకూడదని 2024లో ప్రభుత్వమే చెప్పినా, ఆ మాట ఆ కౌంటర్ దాకా వచ్చినట్టు లేదు. సామాను ఈడ్చుకుంటూ ఫుటియన్‌లోని పెద్ద హోటల్‌కు మారాం. అద్దె రెట్టింపైనా నిద్ర పట్టింది. గది తీసుకునే ముందు, విదేశీ పాస్‌పోర్టు నమోదు చేస్తారా అని తప్పక అడగండి.

డబ్బు విషయంలో ఇబ్బంది లేదు. బయలుదేరే ముందే మా అంతర్జాతీయ కార్డును ఫోన్‌తో చెల్లించే అలీపే యాప్‌కు జతచేసుకున్నాం. కొబ్బరిబొండాల బండి దాకా అంతటా అదే చెల్లింది. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు, రోమింగ్ సిమ్‌లో పనిచేశాయి. మెట్రోలో యంత్రం ఇచ్చే పచ్చటి ప్లాస్టిక్ బిళ్లే టిక్కెట్టు. బస్సులైతే 2017 చివరికే మొత్తం విద్యుత్తుకు మారాయి, 16 వేలకు పైగా. అంత పెద్ద రోడ్డు పక్కన నిలబడి గొంతు పెంచకుండా మాట్లాడుకోవడం నాకు అన్నిటికన్నా విలువైన అనుభవం.

హువాచ్యాంగ్‌బే ఎలక్ట్రానిక్స్ బజారులో తమ్ముడు నన్ను మరిచిపోయాడు. అంతస్తు తర్వాత అంతస్తు, గజం వెడల్పు కౌంటర్లు. ఒకచోట స్క్రూలు మాత్రమే, ఇంకోచోట కెమెరా అద్దాలు మాత్రమే. "అన్నయ్యా, ఈ డిస్‌ప్లే మన దగ్గరికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. సరుకు కొనేవాళ్లు ప్రతి ముక్కనూ అక్కడే వెలిగించి చూసుకోవాలి.

పింగ్ఆన్ టవర్ ఎత్తు 599 మీటర్లు, చూసే అంతస్తు 116వది. మేం వెళ్లిన రోజు మబ్బు, టిక్కెట్టు ఖరీదు. నన్ను అడిగితే దానికన్నా లోహులోని గ్వోమావ్ భవనం ముందు పది నిమిషాలు నిలబడటం మేలు. 53 అంతస్తులు, 1985లో పూర్తయింది. మూడు రోజులకో అంతస్తు వేశారని 'షెంజెన్ వేగం' అన్న మాట అక్కడే పుట్టింది. 1992 జనవరిలో, చైనాలో ఆర్థిక సంస్కరణలు తెచ్చిన నేత డెంగ్ షియావోపింగ్ దాని పైనున్న తిరిగే రెస్టారెంట్‌కు వచ్చి, సంస్కరణలు ఆగవని నొక్కిచెప్పాడు.

ఈ ఊరి గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది: జాలరిపల్లె నలభై ఏళ్లలో మహానగరమైందని. నాన్‌టౌ పాత కోట చూశాక ఆ మాట నాకు రుచించలేదు. అక్కడ పాలనా కేంద్రం వెలసింది క్రీ.శ. 331లో. ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించిన 1980 నాటికి ఈ ప్రాంతంలో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. 2020 జనగణనలో ఆ సంఖ్య కోటీ 75 లక్షలు దాటింది.

ఇంతమంది ఎక్కడ తలదాచుకున్నారు? ఇంజనీరుగా నన్ను వదలని ప్రశ్న అది. జవాబు నాన్‌టౌ సందుల్లోనే ఉంది. పొలాలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఇళ్ల స్థలాలు పల్లెవాళ్లకే మిగిలాయి. వాళ్లు వాటి మీద ఆరేడు అంతస్తులు ఆనించి ఆనించి లేపి, ఫ్యాక్టరీ పనులకు వచ్చిన కుర్రకారుకు గదులు అద్దెకిచ్చారు. ఎదురెదురు కిటికీల్లోంచి చేయి కలపవచ్చు గనుక వాటిని 'కరచాలన మేడలు' అంటారు. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవలసిన ఆ గదులే లేకపోతే, గ్వోమావ్ కాదు కదా ఏ మేడా లేచేది కాదని నా గట్టి నమ్మకం. అప్పట్లో లక్షకు పైగా జనం ఉన్న బైషిజౌ అనే అలాంటి పేటలో 2019లో అద్దెవాళ్లను ఖాళీ చేయించడం మొదలైంది. నాన్‌టౌ ముఖ్య వీధిని కాఫీ దుకాణాలతో అందంగా దిద్దారు, కానీ పక్క సందులోకి తిరగండి. తీగల మీద ఆరేసిన బట్టలు, గుమ్మంలో కూరగాయలు తరుగుతున్న అవ్వలు కనిపిస్తారు. రోజంతా నేను అక్కడే ఉన్నాను. తమ్ముడు విసుక్కోలేదు, వాడికీ ఆ ఇరుకు కొత్త కాదు.

శాకాహారులకు హోంగ్‌ఫా బౌద్ధాలయంలోని భోజనం శుచిగా ఉంటుంది. మిగతాచోట్ల కూరగాయల కూరలోనూ మాంసపు తునకలు రావచ్చు, ముందే చెప్పాలి.

ఆఖరి సాయంత్రం షెకౌలో గడిపాం. మళ్లీ వస్తే నేను గది తీసుకునేది ఇక్కడే, గాలి బాగుంది, వీధులు నడవడానికి అనువు. 1979లో మొదటి పారిశ్రామిక వాడ ఇక్కడే మొదలైంది. చౌరస్తాలో మింగ్‌హువా అనే ఓడ ఉంది. 1962లో ఫ్రాన్స్‌లో నీళ్లలోకి దిగిన ఓడ, 1983లో ఈ తీరం చేరింది. ఆ తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ ఊరు ముందుకు జరిగింది. ఇప్పుడు ఓడ చుట్టూ ఉన్నది కట్టిన కొలను. పిల్లలు దాని అంచున కూర్చొని ఐస్‌క్రీం తింటున్నారు. సముద్రం ఎటు అని ఒక పెద్దాయనను సైగలతో అడిగితే, ఆయన మేడల మధ్యలోంచి దూరంగా చూపించాడు.

మర్నాడు షెకౌ రేవు నుంచి పడవలో నేరుగా హాంకాంగ్ విమానాశ్రయానికి వెళ్లాం. అలా పడవ దిగి విమానం ఎక్కేవాళ్లకు అక్కడ హాంకాంగ్ తనిఖీ ఉండదు. అయితే మీ విమాన సంస్థకు ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి. తమ్ముడు డిస్‌ప్లేల పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. నేను వెనక కిటికీ దగ్గర నిలబడి, పాత ఒడ్డు ఎక్కడుండేదో పోల్చుకోవడానికి ప్రయత్నించాను.