అక్షరాల బంతి కొనాలా, ఉత్త బంతి మీద రాసుకోవాలా?

తిరుపతి గాంధీ రోడ్డు బొమ్మల అంగళ్లలో అడిగితే ఏబీసీడీలు, అంకెలు అచ్చేసిన, గాలి ఊదే ప్లాస్టిక్ బంతి చేతిలో పెడతారు. బడిలో బంతి పట్టుకున్న పిల్లలు బొటనవేళ్ల దగ్గరున్న అంకెలు హెచ్చవేసే ఎక్కాల ఆటకైనా, గుణింతాలకైనా అది దండగ. అన్నీ ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే, తెలుగు ఉండదు, అంకెలు 1 నుంచి 10 దాకా. ఒకటో ఎక్కం, పదో ఎక్కం రాని పిల్లోడెవడు? ఆరు రంగుపట్టీల ఉత్త బంతి, ఒక నల్ల పర్మనెంట్ మార్కరు చాలు.

కొలత చూసి మోసపోవద్దు. అట్ట మీద 16 అంగుళాలని ఉంటే అది గాలి లేనప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు పట్టీ పొడవు. ఊదాక అడ్డకొలత 10 అంగుళాలే. రెండు, మూడు తరగతుల పిలకాయలకు అదే సరి. 24 అంగుళాలదైతే 15కు ఉబ్బుతుంది, పొట్టకు హత్తుకుని పట్టుకుంటారు, వేలు ఎక్కడుందో వాళ్లకే కనపడదు.

రాసే ముందు సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. కొత్త బంతి జిడ్డు మీద ఇంకు నిలవదు. శానిటైజరు తగిలితే మాత్రం రాసింది పోతుంది (తప్పు రాస్తే తుడవడానికీ అదే). పట్టీకి రెండు చొప్పున 12 అంకెలు పడతాయి. 2 నుంచి 9 దాకా ఎనిమిది, మిగిలిన నాలుగు చోట్ల 6, 7, 8, 9 మళ్లీ రాయండి. పిలకాయలు తడబడేది అక్కడే. 6, 9 కింద గీత తప్పదు, బంతి తిరగబడితే రెండూ ఒకటే.

ఆటకు ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. గుండ్రంగా నిలబడి, పేరు పిలిచి, చెయ్యి కిందినుంచి విసరాలి. పట్టుకున్నాక రెండు బొటనవేళ్ల దగ్గరున్న అంకెలు హెచ్చవేయాలి. 'ఏడెనిమిదులు యాభై ఆరు' అన్నాకే బంతి కదలాలి. 30 మందికి ఒకే బంతి ఇస్తే ఒక్కొక్కరికి వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. చురుకైనవాడు వెనకనుంచి జవాబు అందిస్తూనే ఉంటాడు, వాడి నోరు కట్టాలంటే అందించినవాడికే ఇంకో లెక్క ఇవ్వండి. బంతంటే జంకే పిల్లకు లెక్క వచ్చినా నోరు పెగలదు. అప్పుడు అందర్నీ కూర్చోబెట్టి నేలమీద దొర్లించడమే.

గుణింతాలకు వేరే బంతి పెట్టండి. తలకట్లన్నీ గాలిమూత వైపే రాసి, మూత పైకి తిప్పి చదివించాలి. ప, వ, మ పక్కపక్క పట్టీల్లో ఉంటేనే తేడా కళ్లకు పడుతుంది.

మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నిండుగా ఊదిన బంతిని వరండా ఎండలో వదిలితే గాలి ఉబ్బి అతుకు దగ్గర విచ్చుకుంటుంది. వేలితో నొక్కితే అర అంగుళం లోపలికి పోయేట్టు ఊదండి, పట్టుకోవడమూ సులువు. మూత లోపలికి నొక్కకపోతే మొహాలు గీరుకుంటాయి. చిల్లి పడితే సైకిల్ షాపు సొల్యూషన్ ఈ ప్లాస్టిక్కుకు అతకదు, రెండు బంతులు ఒకేసారి కొనండి.